ప్రకృతి – దేశము – వృత్తి : సోలాపురపు తెలుగు నేతవారి ఆరోగ్యమును గూర్చి ఆయుర్వేద దృష్టి

సోలాపుర నగరపు తూర్పుభాగమునందలి సాఖర్ పేట, దాజీ పేట, భద్రావతి పేట మొదలగు వాడలలో తెలుగు మాటాడు నేతకుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. ఈ వాడలలో పెద్దలు తమ యారోగ్యమును గూర్చి ముచ్చటించునప్పుడు "నాది వాతపు ఒళ్ళు", "వానిది వేడి శరీరము", "ఆ పిల్లది నెమ్ము శరీరము" అను మాటలు తరచుగా వినవచ్చును. ఇవి శాస్త్రమునందలి వాత, పిత్త, కఫములకు ఇంటిమాటలు. వ్రాయ చదువ నేర్వని వృద్ధురాలు సయితము ఈ మూడింటి పేర్లు చెప్పగలదనిన, ఆయుర్వేద మెంత లోతుగా మన జీవనమునం దింకిపోయెనో తెలియుచున్నది.

అయితే ఈ మాటలకు శాస్త్రకారు లుద్దేశించిన యర్థమును, నేడు మన వాడలలో వాడుకనున్న యర్థమును ఒకటియేనా? ఏండ్ల తరబడి దగ్గుచున్న నేతగాడు "ఇది నా శరీరతత్త్వము, ఏమి చేయుదును" అని ఊరకుండుటకు చరకుడుగాని సుశ్రుతుడుగాని అనుమతి నిచ్చిరా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఇది పండితుల వాదమునకు మాత్రము చెందిన విషయము కాదు. ఒక మాటను సరిగా గ్రహించుట, గ్రహింపకపోవుట అనువానిపై ప్రాణములే ఆధారపడియుండు సందర్భములు కలవు.

ప్రకృతి యనగా నేమి?

గర్భము నిలిచిన నాటినుండి యొక్కొక్క శరీరమునకు దోషముల పాళ్ళు ఒక్కొక్క విధముగా నేర్పడునని ఆయుర్వేద సిద్ధాంతము. దీనికే ప్రకృతి యని పేరు. వాత, పిత్త, కఫములలో ఒక్కొక్కటి మిన్నగా నుండుటవలన మూడును, రెండేసి కలియుటవలన మూడును, మూడును సమముగా నుండుటవలన ఒకటియు – ఇట్లు ప్రకృతు లేడు. తల్లిదండ్రుల బీజము, కాలము, గర్భాశయస్థితి, గర్భవతియైన తల్లి తిను ఆహారము, ఆమె నడవడి యనునవి ప్రకృతిని నిర్ణయించునని చరకసంహిత విమానస్థానము చెప్పుచున్నది. ఈ ప్రకృతి జీవించియున్నంతకాలము మారదనియు, మారెనేని అది యాయువు తీరినదనుటకు గుర్తనియు సుశ్రుతుడు శారీరస్థానమున చెప్పెను.

వాగ్భటుడు అష్టాంగహృదయమునందు వాతప్రకృతి హీనమనియు, పిత్తప్రకృతి మధ్యమమనియు, కఫప్రకృతి యుత్తమమనియు, మూడును సమముగా నున్నది శ్రేష్ఠమనియు తరతమములను నిర్ణయించెను. చరకు డింకను సూక్ష్మముగా పోయెను. ఒక దోషము మిన్నగా నున్నవారిని ఆరోగ్యవంతులని యనరాదనియు, వారు రోగమునకు ఎల్లప్పుడును చేరువలో నుండువారనియు, అందువలన వారి దినచర్య తమ దోషమునకు విరుద్ధగుణములు కలదిగా నుండవలెననియు నాతని మతము. అనగా "నాది వాతశరీరము" అనుట చరకుని దృష్టిలో ఒక హెచ్చరికయే కాని, నిట్టూర్చి కూర్చుండుటకు కారణము కాదు. గట్టు బలహీనముగా నున్న చెరువునకు కావలి యెక్కువ కావలెను గదా!

ఇచట గమనింపవలసిన ముఖ్యాంశము వేరొకటి కలదు. రోగి బలాబలముల నెఱుగుటకై చరకుడు పది పరీక్షలను విధించెను. అవి ప్రకృతి, వికృతి, సారము, దేహపు కూర్పు, ప్రమాణము, సాత్మ్యము, సత్త్వము, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయస్సు. ఈ పదింటిలో ప్రకృతి ఒకటి మాత్రమే. దాని వెంటనే రెండవది వికృతి, అనగా ఇప్పుడు శరీరమునందు కలిగిన మార్పు. మన వాడలలో మొదటిదాని పేరు చెప్పి తక్కిన తొమ్మిదింటిని విడిచిపెట్టుట పరిపాటియైనది. మరియు ఇంద్రియస్థానమున ప్రకృతిని వివరించుచు, అది పుట్టుకను, కులమును, దేశమును, కాలమును, వయస్సును, వ్యక్తిని అనుసరించి యుండునని చరకుడు చెప్పెను. మనిషిని అతడు నివసించు నేలనుండి, అతడు జీవించు కాలమునుండి వేరుచేసి చూడరాదనుటయే దీని సారాంశము.

తెలుగునేలపై పుట్టి సోలాపురమున అచ్చైన గ్రంథము

ఈ శాస్త్రమునకు తెలుగుదేశము చేసిన సేవ తక్కువది కాదు. అందొక గ్రంథమునకు సోలాపురముతో ప్రత్యేక సంబంధము కలదు. అది ఉగ్రాదిత్యాచార్యుడను జైనముని రచించిన కల్యాణకారకము. సంస్కృతభాషలోనున్న ఈ వైద్యగ్రంథమును తాను త్రికళింగమునందలి రామగిరిపై నుండి రచించితినని ఉగ్రాదిత్యుడు చెప్పుకొనెను. ఈ రామగిరి విజయనగరమునకు సమీపమున నున్న రామతీర్థమేయని పెక్కురు చరిత్రకారులు తలంచిరి. తూర్పుచాళుక్యుడైన విమలాదిత్యుని (1011–1018) కాలమునాటి శాసనమువలన ఆ కొండపై జైనుల నివాసముండిన సంగతి తెలియుచున్నది.

కల్యాణకారకమున వాతరోగములకు, పిత్తరోగములకు, కఫరోగములకు వేర్వేరు అధికారములు కలవు. మాంసము, మద్యము, తేనె లేకుండ ఔషధములను కూర్చుట ఈ గ్రంథముయొక్క విశేషము. మాంసాహారము నిష్ప్రయోజనమని నృపతుంగుని సభలో విద్వాంసుల యెదుట ఉగ్రాదిత్యుడు వాదించిన విషయము గ్రంథాంతమునందలి హితాహితాధ్యాయమున కలదు. నృపతుంగుడనగా రాష్ట్రకూట చక్రవర్తియైన అమోఘవర్షుడు. తొమ్మిదవ శతాబ్దమున ఆతని రాజధాని మాన్యఖేటము. అది నేటి కలబురగి జిల్లాలోని మల్ఖేడ్. సోలాపురమునకు అంత దూరము కాదు.

ఇట్లు తెలుగుకొండపై పుట్టి, ఈ దక్కను మైదానమున రాజసభ నెక్కిన గ్రంథము వేయియేండ్లు దాటినపిదప 1940వ సంవత్సరమున ఈ సోలాపురముననే అచ్చయ్యెను. వర్ధమాన పార్శ్వనాథ శాస్త్రిగారు దానిని పరిష్కరించి హిందీ యనువాదముతో సిద్ధపరుపగా, సేఠ్ గోవింద్‌జీ రావ్‌జీ దోశీగారు ప్రకటించిరి. వారి పేరిటి ఆయుర్వేద మహావిద్యాలయము ఈ నగరమున కలదు. కల్యాణకారకము తెలుగునాట పుట్టినదని మన వాడలలో నెఱిగినవారు అరుదు. మన పిల్లలకు పాఠశాలలో చెప్పదగిన విషయమిది.

రెండవది బసవరాజీయము. కొట్టూరు బసవరాజు రచించిన ఈ గ్రంథము 25 ప్రకరణములు కలది. సంస్కృత శ్లోకములకు తెలుగు తాత్పర్యము చేర్చి వ్రాయుటచేత ఇది తెలుగు వైద్యుల యిండ్లలో చేతిపుస్తకమయ్యెను. 1930వ సంవత్సరమున గోవర్ధనశర్మ ఛాంగాణీగారు దీనిని నాగపురమున ప్రకటించిరి. ఈ గ్రంథమున నాడీపరీక్షకు ప్రథమస్థానము. చరక సుశ్రుతులయందు నాడీపరీక్ష కానరాదు. అది తరువాతికాలమున శార్ఙ్గధరుడు మొదలగువారి గ్రంథములలో కనుపించును. మన పెద్దలు వైద్యుని చూడగానే మాటాడక చేయి చాచుట ఈ సంప్రదాయపు ఫలమే. కాని నాడి పట్టిన వైద్యుడు కూడ రోగిని ప్రశ్నింపవలసినదే, అతని నేత్రములను, జిహ్వను, మలమూత్రములను పరీక్షింపవలసినదే. ఇంద్రకంటి వల్లభాచార్యుని వైద్యచింతామణియు ఈ కోవకే చెందినది. ఆధునికకాలమున పండిత దీవి గోపాలాచార్యులు (1872–1920), డాక్టరు ఆచంట లక్ష్మీపతి (1880–1962) గారలు చెన్నపట్టణమున ఆయుర్వేదమును పునరుద్ధరించుటకై పాటుపడిరి.

నేల మారిన నేతవారు

గ్రంథములనుండి మనుష్యులవద్దకు వత్తము. సోలాపురమునకు 1860వ సంవత్సరమున రైలుమార్గము వచ్చెను. 1877వ సంవత్సరమున మొదటి నూలుమిల్లు నెలకొనెను. అప్పటి నిజాము రాజ్యమునకు చెందిన కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబ్‌నగరము, మెదకు ప్రాంతములనుండి పద్మశాలీలు బ్రదుకుతెరువును వెదకికొనుచు ఈ నగరమునకు వచ్చి స్థిరపడిరి. వారు తమ వెంట మగ్గమును, మార్కండేయుని, బతుకమ్మను, తెలుగుమాటను తెచ్చుకొనిరి. వారు తేలేకపోయినది నేలను మాత్రమే.

ఆయుర్వేదము దేశమును జాంగలము, అనూపము, సాధారణము అని మూడువిధములుగా విభజించినది. నీరును చెట్లును తక్కువై, ఎండయు గాలియు మిక్కుటమై, వాతపిత్తములు ప్రబలు నేల జాంగలము. సోలాపురము వర్షచ్ఛాయలోని ప్రాంతము; వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. కావున దీనిని జాంగలముగా నెన్నవచ్చును. కాకతీయులనాటి చెరువుల నీడను వరి పండించిన ఓరుగల్లు ప్రాంతమునుండి వచ్చినవారికి ఈ నేల కొంత కఠినమే. అయితే ఆహారవిషయమున నంతటి వ్యత్యాసము లేదు. తెలంగాణమున జొన్నరొట్టెయు, గట్కయు తినినవారికి ఇచటి జొన్న భాకరి క్రొత్తది కాదు. వేరుసెనగ చట్నీ మాత్రము ఇచట అలవడినది.

చిరకాలపు అలవాటుచేత శరీరమునకు సరిపడినదానిని శాస్త్రము సాత్మ్యమనును. ఊరు మారినను, ఋతువు మారినను అలవాటును ఒక్కసారిగా మార్చరాదని చరకుని యుపదేశము. చెడు అలవాటును పాదము పాదముగా విడుచుచు, మంచి యలవాటును పాదము పాదముగా చేర్చుకొనవలెనని ఆతడు సూత్రస్థానమున క్రమమును కూడ నేర్పరచెను. పొగాకు నమలువానికిని, రాత్రి తిండి వేళతప్పిన కార్మికునికిని ఈ ఉపదేశము నేటికిని పనికివచ్చును.

వృత్తివలన కలుగు వికృతి

నేలకంటె నెక్కువగా మార్పు చెందినది పని. గుంటమగ్గము ముందు కూర్చున్న నేతగాడు కాళ్ళు గుంటలో నుంచి, నడుము వంచి దినమంతయు నేయును. ఇంటిల్లిపాదియు పనిలో పాలు పంచుకొనును: ఒకరు ఆసుపోయుదురు, ఒకరు కండెలు చుట్టుదురు. పనికి వేళ నిర్ణయించువాడు నేతగాడే. మరమగ్గము వచ్చిన తరువాత వేళ నిర్ణయించునది యంత్రము. రాత్రిపాళీ, చెవులు దిమ్మెక్కు చప్పుడు, గాలిలో తేలియాడు నూలుధూళి, నిలిచియుండి చేయు చాకిరి – ఇవి క్రొత్తగా వచ్చినవి. సోలాపురపు దుప్పట్లకును తువాళ్ళకును దేశదేశములయందు కీర్తి వచ్చినది. దానివెనుక ఈ శ్రమయున్నది. ఇంటివద్ద స్త్రీలు తునికాకులో పొగాకునుంచి బీడీలు చుట్టి కుటుంబమును నిలబెట్టుచు, ఆ పొగాకుధూళిని పీల్చుచున్నారు.

ఇట్టి స్థితిని ఆయుర్వేదము ఊహింపలేదా? ఊహించినది. వాతము ప్రకోపించుటకు కారణములను చెప్పుచు చరకుడు చికిత్సాస్థానమున అతిశ్రమను, రాత్రి మేల్కొనుటను, వేగములను ఆపుకొనుటను, అసుఖమైన ఆసనశయనములను పేర్కొనెను. శ్వాసరోగములకు హేతువులను లెక్కించుచు ధూళిని, పొగను పేరుపెట్టి చెప్పెను. శోషరోగమునకు, అనగా క్షయకు, నిదానస్థానమున నాలుగు కారణములను చూపెను. శక్తికి మించిన సాహసము మొదటిది; మలమూత్రాది వేగములను ఆపుకొనుట రెండవది; ధాతుక్షయము మూడవది; వేళయు మితియు తప్పిన భోజనము నాలుగవది. మగ్గము ఆగినచో కూలి తెగునను భయముతో మూత్రమునకు సయితము లేవనివానికి, రాత్రిపాళీ ముగిసిన తరువాత దొరికినది తినువానికి ఈ నాలుగును సరిగా అన్వయించును.

చూడుడు: ఈ పట్టికలలో "వాతప్రకృతి గలవానికి మాత్రమే రోగము" అని లేదు. పనియు, రాత్రియు, ధూళియు, ఆకలియు కారణములుగా చెప్పబడినవి. కావున ధూళివలన వచ్చిన దగ్గును శరీరతత్త్వముపై మోపుట శాస్త్రసమ్మతము కాదు. అట్లు మోపినయెడల కర్మాగారపు యజమానికి కిటికీ తెరువవలసిన పని తప్పును. కార్మికునికి ప్రాణము తప్పును.

చరకుడు చెప్పిన కారణములకు తరువాతి శాస్త్రము కొన్ని చేర్చినది. 1882వ సంవత్సరమున రాబర్టు కాక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు క్షయకు మూలమైన క్రిమిని కనుగొనెను. నలిగిన శరీరము నేల వంటిది, క్రిమి విత్తు వంటిది. రెండును కలిసిననే పంట. నేలను బాగుచేయుట ఎంత యవసరమో విత్తును నిర్మూలించుట అంత యవసరము. క్రిమినాశకములైన మందులు లేకుండ పథ్యముచేతనే క్షయ మానునని యనుకొనుట ప్రమాదము. నూలుమిల్లులలో దూదిని శుభ్రము చేయు విభాగములందు పనిచేయువారికి బిస్సినోసిస్ అను శ్వాసరోగము వచ్చును. వారపు సెలవు గడిచి మరల పనిలో చేరిన దినమున ఛాతి బిగబట్టుట దీని లక్షణము. రోగము శరీరతత్త్వమునుండియే పుట్టినదైనచో సెలవుదినమును గుర్తించునా?

అన్యదేశములయందు

దేహమును ధాతుసామ్యముతో కొలుచుట మన దేశమునకు మాత్రమే పరిమితము కాదు. గ్రీసుదేశపు వైద్యులు రక్తము, కఫము, పచ్చపిత్తము, నల్లపిత్తము అను నాలుగు రసములను చెప్పిరి. ఆ సిద్ధాంతమే అరబ్బుల ద్వారా యునానీగా మన దేశమునకు వచ్చి, నిజాము రాజ్యమున ఆదరణ పొందెను. మన తాతలు నివసించిన యూళ్ళలో హకీము "మిజాజు" అనినను, వైద్యుడు "ప్రకృతి" అనినను గ్రామస్థునకు ఒకటిగానే తోచియుండును.

ఇటలీదేశమునందు రామజ్జినీ (1633–1714) యను వైద్యుడు 1700వ సంవత్సరమున వృత్తులవలన కలుగు రోగములను గూర్చి గ్రంథము వ్రాసెను. నార దువ్వువారి దగ్గు, నేతవారి శ్రమ ఆతని దృష్టిలో పడినవి. రోగిని ప్రాచీను లడుగు ప్రశ్నలకు తోడు "నీవు చేయు వృత్తి యేమి?" అను ప్రశ్నను వైద్యుడు తప్పక యడుగవలెనని ఆతడు బోధించెను. చరకుని పది పరీక్షలను, రామజ్జినీ యొక్క ఒక ప్రశ్నను కలిపినచో నేతవాడల వైద్యునకు సంపూర్ణమైన మార్గము లభించును.

మన కాలమున ప్రకృతిసిద్ధాంతమును జన్యుశాస్త్రముతో పరీక్షించు ప్రయత్నములు జరిగినవి. హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఇతరులతో కలిసి 2015వ సంవత్సరమున ప్రకటించిన పరిశోధనలో, ప్రకృతి స్పష్టముగా నిర్ణయింపబడిన 262 మంది పురుషుల జన్యువులను పరిశీలించి, ప్రకృతిభేదములకును కొన్ని జన్యుభేదములకును సంబంధము కనబడుచున్నదని చెప్పిరి. పిత్తప్రకృతికిని, శర్కరల వినియోగమునకు చెందిన పీజీఎం1 అను జన్యువునకును గల సంబంధము అందు ముఖ్యము. ఇది ఆసక్తికరమైన ప్రారంభము. అయితే ఇందు స్త్రీలు లేరు, సంఖ్యయు పరిమితము. దీనినిబట్టి ఒకనికి క్షయ వచ్చుననిగాని రాదనిగాని చెప్పుటకు వీలులేదు.

ఉపసంహారము

ఇంతవరకు చేసిన విచారమువలన తేలిన దేమనగా: ప్రకృతి మారనిది, వికృతి మాన్పదగినది. మారనిదాని పేరు చెప్పి మాన్పదగినదానిని ఉపేక్షించుట ఆయుర్వేదము కాదు. దోషములు, అగ్ని, ధాతువులు, మలక్రియలు సమముగా నుండి, ఆత్మేంద్రియమనస్సులు ప్రసన్నముగా నున్నవాడే స్వస్థుడని సుశ్రుతుడు నిర్వచించెను. ఆ సమత్వము మనిషి లోపల మాత్రమే నిలుచునది కాదు. పనిచేయు గదిలో, తిను వేళలో, నిద్రించు రాత్రిలో కూడ ఉండవలెను.

మన యిండ్లలో మిగిలియున్న సంప్రదాయమునందు మేలైనవి పెక్కు కలవు. ఉగాదినాటి వేపపువ్వు, వారమున కొకసారి నూనె యంటుకొని తలస్నానము, బాలింతకు పథ్యము, ఎండకాలమున మజ్జిగ – ఇవి దేశకాలముల నెఱిగిన పెద్దల వివేకము, వీనిని విడువరాదు. వీనితోపాటు మూతికి గుడ్డ కట్టుకొనుట, మగ్గముల గదికి గాలి వచ్చునట్లు కిటికీలుంచుట, రెండు వారములు మించిన దగ్గునకు కఫపరీక్ష చేయించుకొనుట అనునవి కూడ నేటి దినచర్యయని గ్రహింపవలెను.

పద్మశాలీలు మార్కండేయుని తమ మూలపురుషునిగా కొలుతురు. సోలాపురమున శ్రావణపూర్ణిమనాడు ఆతని రథోత్సవము జరుగును. నగరమునందలి సహకార వైద్యశాలయు ఆ మహర్షి పేరుననే వెలసినది. పదునారేండ్లకే ఆయువు తీరునని విధి వ్రాసినను, ఆ బాలుడు "ఇది నా నొసటి వ్రాత" యని యూరకుండలేదు. శివలింగమును కౌగిలించుకొని మృత్యువు నెదిరించెను. అట్టి వాని సంతతియని చెప్పుకొను మనము "ఇది నా శరీరతత్త్వము" అని దగ్గుచు కూర్చుండుట తగదు. రథము లాగు చేతులతోనే వైద్యశాల తలుపు తట్టుదము. వైద్యుడు నాడి పట్టినప్పుడు మన ప్రకృతితోపాటు మన వృత్తిని కూడ చెప్పుదము. అతడు అడుగనియెడల మనమే అడిగించుకొందము.